ఎలక్ట్రోడ్ మీద ఏ నానో పదార్థం పూయాలి?

తార్నాక నుంచి గచ్చిబౌలి దాకా, హైదరాబాదు ప్రయోగశాలల్లో ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల (ఎలక్ట్రోడ్ దగ్గర వచ్చే విద్యుత్ సంకేతంతో అణువును కొలిచే పరికరాల) మీద ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులు మొట్టమొదట అడిగేది పదార్థం గురించే. గ్రాఫీన్ తీసుకోమంటారా, మెక్సీన్ (టైటానియం కార్బైడు వంటి పలుచని పొరల పదార్థం) తీసుకోమంటారా, బంగారు నానో కణాలే మేలా అని అడుగుతారు. ఏ అణువును పట్టుకోవాలి, అది రక్తంలోనా మూత్రంలోనా, ఎంత మోతాదులో ఉంటుంది అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా పదార్థం పేరు మాత్రం ముందే ఖరారై ఉంటుంది. నేనూ మొదటి రెండేళ్లు అలాగే నడిచినవాణ్ణే కాబట్టి ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు. ఆ రెండేళ్లు ఎందుకు వృథా అయ్యాయో తెలిసిన తరువాత, ఏ సందర్భంలో దేన్ని ఎంచుకోవాలన్న దానిపై నాకు ఏర్పడిన అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను.

ముందు అణువు సంగతి

ఎంపికకు దారి చూపే మొదటి ప్రశ్న, ఆ అణువు ఎలక్ట్రోడ్ దగ్గర తనంతట తాను ఎలక్ట్రాన్లను వదులుతుందా అన్నది. డోపమైన్, యూరిక్ ఆమ్లం, విటమిన్ సి వదులుతాయి. గ్లూకోజు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ రక్తపు పిహెచ్ దగ్గర అంత సులువుగా వదలవు కనుక వాటికి మధ్యవర్తిగా ఎంజైము కావాలి. క్రియాటినిన్‌కైతే మూడు ఎంజైములు ఒకదాని తరువాత ఒకటి పనిచేసి చివరకు హైడ్రోజన్ పెరాక్సైడును తయారుచేస్తే, ఎలక్ట్రోడ్ కొలిచేది ఆ పెరాక్సైడును. గుండెపోటును సూచించే ట్రోపోనిన్, డెంగీ ఎన్ఎస్1 వంటి ప్రోటీన్లకు యాంటీబాడీ కావాలి, డీఎన్ఏకు దానితో జత కుదిరే మరో పోగు కావాలి.

రెండో ప్రశ్న మోతాదు. రక్తంలో యూరిక్ ఆమ్లం డెసిలీటరుకు 7 మిల్లీగ్రాములు ఉందంటే అది సుమారు 416 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పది లక్షల వంతు ఒక మైక్రోమోలార్). అటువంటి అణువుకు నానోమోలార్ (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) స్థాయి గుర్తింపు పరిమితి, అంటే సెన్సర్ పసిగట్టగల కనిష్ఠ మోతాదు, సాధించామని చెప్పుకోవడం, బియ్యం బస్తాను కంసాలి త్రాసులో తూచినట్టే ఉంటుంది. అక్కడ కావలసింది 100 నుంచి 800 మైక్రోమోలార్ మధ్య, మోతాదుతోపాటు సంకేతం పెరిగే గీత వంగకుండా నిలబడడం. పరగడుపున గ్లూకోజు 90 మిల్లీగ్రాములంటే 5 మిల్లీమోలార్. 400 మిల్లీగ్రాములకు పోతే 22 మిల్లీమోలార్. సగం ప్రచురణల్లో సెన్సర్ 2 మిల్లీమోలార్ దగ్గరే చతికిలబడుతుంది, కానీ గుర్తింపు పరిమితి అంకె మాత్రం మెరిసిపోతూ ఉంటుంది. ఇందుకు భిన్నంగా, ట్రోపోనిన్-టి అధిక సున్నితత్వ పరీక్షలో ఆరోగ్యవంతులకూ రోగులకూ మధ్య హద్దుగా పెట్టుకున్న విలువ లీటరుకు 14 నానోగ్రాములు. సున్నితత్వం కోసం నిజంగా చెమటోడ్చవలసిన చోటు అదీ.

మూడోది, ఆ నమూనాలో తోడుగా ఇంకేమున్నాయన్నది. డోపమైన్‌ను కొలవడం కష్టం కాదు. విటమిన్ సి, యూరిక్ ఆమ్లం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పక్కనే ఉండగా కొలవడం కష్టం. మామూలు గ్లాసీ కార్బన్ (గాజులా నున్నని కార్బన్ ఎలక్ట్రోడ్) మీద ఈ మూడింటి పీకులు, అంటే వోల్టేజీ మార్చుతూ పోతే ప్రవాహపు గీతలో లేచే శిఖరాలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒకే బండ గుట్టలా కనిపిస్తాయి.

కార్బన్ కుటుంబం

1991లో సుమియో ఇజిమా వర్ణించిన కార్బన్ నానో ట్యూబులు ఇప్పుడు పాతబడిన సరుకులా కనిపించవచ్చు గానీ, తమంతట తామే ఆక్సీకరణ చెందే అణువులకు నేను ఈనాటికీ మొదట సూచించేది వాటినే. తక్కువ ఖర్చు, నెలల తరబడి సీసాలో పాడవకుండా ఉండే గుణం, పైన చెప్పిన ఆ గుట్టను మూడు పీకులుగా విడదీసే శక్తి, ఇవన్నీ బహుళ గోడల ట్యూబుల్లో దొరుకుతాయి. వాటిని నాఫియాన్ అనే పాలిమరులో కలిపి పూస్తే మరో లాభం ఉంది. పిహెచ్ 7.4 దగ్గర డోపమైన్ ధనావేశంతోనూ, విటమిన్ సి ఋణావేశంతోనూ ఉంటాయి. నాఫియాన్ ఋణావేశం గలది కావడంతో మొదటిదాన్ని దగ్గరకు లాగి, రెండోదాన్ని తోసివేస్తుంది. యూరిక్ ఆమ్లం కొలవాలనుకునేవారు మాత్రం, అదీ ఋణావేశమే కనుక, నాఫియాన్‌కు బదులు కైటోసాన్ అనే మరో పాలిమరు వైపు చూడడం మంచిది.

ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. ఈ ట్యూబులను ఇనుము, నికెల్, కోబాల్ట్ రేణువుల మీద పెంచుతారు. వాటిలో కొన్ని కార్బన్ పొరల మధ్య ఇరుక్కుపోయి, నైట్రిక్ ఆమ్లంలో ఎంత మరిగించినా పూర్తిగా పోవు. ట్యూబుల ఉత్ప్రేరక శక్తి అని మనం మురిసిపోయేది కొన్నిసార్లు ఆ లోహపు మలినాల పని. రెండో మోసం ఇంకా సూక్ష్మమైనది. మందంగా పూసిన పొర రంధ్రాల్లో కొంత ద్రావణం చిక్కుకుంటుంది, ఆ పలుచని ద్రావణంలోని అణువులు వ్యాపించవలసిన దూరం లేకుండానే చర్య జరుపుతాయి, దాంతో పీకు తక్కువ వోల్టేజీకి జరిగి ఉత్ప్రేరణలా కనిపిస్తుంది. స్కాన్ వేగాన్ని (వోల్టేజీని మార్చే వేగాన్ని) మార్చి చూస్తే గుట్టు బయటపడుతుంది: పీకు ప్రవాహం వేగపు వర్గమూలంతో పెరిగితే అది వ్యాపనం, నేరుగా వేగంతో పెరిగితే చిక్కుకున్న ద్రావణమో, ఉపరితలానికి అంటుకున్న అణువులో.

గ్రాఫీన్ విషయంలో పేరుకూ సరుకుకూ మధ్య దూరం ఎక్కువ. 2004లో గైమ్, నోవోసెలోవ్ వేరుచేసి, 2010లో నోబెల్ బహుమతి అందుకున్నది ఒకే అణువు మందం గల శుభ్రమైన పొర. మనం హమ్మర్స్ పద్ధతిలో గ్రాఫైటు నుంచి చేసుకునేది గ్రాఫీన్ ఆక్సైడు. నీళ్లలో కషాయం రంగులో చక్కగా కలుస్తుంది గానీ విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. దాన్ని క్షయకరణం చేసి వాడాలి, క్షయకరణం ఎంత జరిగిందన్నది ప్రతి దఫా మారుతుంది, ఆరిన తరువాత పొరలు ఒకదాని మీద ఒకటి అప్పడాల దొంతరలా అతుక్కుపోతాయి. పైగా, వైశాల్యం పెరిగితే సంకేతంతోపాటు నేపథ్య ప్రవాహం కూడా అంతే పెరుగుతుందన్న విషయం చాలామంది మరిచిపోతారు. సంకేతపు గీత పెద్దదైందని సంతోషించే ముందు, దాని కింద ఉన్న ఖాళీ బఫర్ (అణువు కలపని, పిహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం) గీత ఎంత ఉబ్బిందో చూడాలి.

ఈ కుటుంబంలో నాకు ఇష్టమైన కొత్త మార్గం లేజరుతో గ్రాఫీన్ చేయడం. 2014లో రైస్ విశ్వవిద్యాలయం వారు చూపిన ఈ పద్ధతిలో పాలీఇమైడ్ రేకు మీద కార్బన్ డయాక్సైడ్ లేజరుతో గీస్తే, గీసిన మేర నల్లని రంధ్రాల గ్రాఫీన్ ఏర్పడుతుంది. ఆక్సైడు తయారీకి వాడే గాఢ ఆమ్లాలు, పర్మాంగనేటు అక్కరలేదు, లేజర్ కట్టర్ అందుబాటులో ఉంటే చాలు. ఒక మధ్యాహ్నంలో వంద ఎలక్ట్రోడ్లు వస్తాయి. అయితే రేకు కొద్దిగా వంగి ఫోకస్ తప్పితే ఆ మూలనున్నవన్నీ నిరోధంలో తేడా చూపుతాయి, గట్టిగా క్లిప్పు పెడితే నలుపు పొడిలా రాలుతుంది. ఎలక్ట్రోడ్ల సంఖ్య ఎక్కువ కావలసిన ప్రాజెక్టుకు ఇదే సరైనది.

బంగారం

యాంటీబాడీ గానీ, డీఎన్ఏ పోగు గానీ ఉపరితలానికి గట్టిగా పట్టి ఉండాలంటే బంగారానికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. గంధకం గల థయాల్ సమూహానికీ బంగారానికీ మధ్య ఏర్పడే బంధమే ఇందుకు ఆధారం. చేసే విధానం కూడా చూడముచ్చటైనది. 1951లో టర్కెవిచ్ చెప్పిన పద్ధతిలో, 0.01 శాతం బంగారు లవణపు ద్రావణం 100 మిల్లీలీటర్లు మరుగుతుండగా సిట్రేటు పోస్తే, లేత పసుపు ముందు వెలిసిపోయి, తరువాత మసి నీలంగా మారి, నిమిషాల్లోనే దానిమ్మ రసం రంగుకు వస్తుంది. చల్లారిన తరువాత దాంట్లోంచి కాస్త తీసి ఉప్పు నీరు కలిపి చూడండి. ఎరుపు చప్పున నీలంగా మారితే కణాలు గుంపు కట్టాయని అర్థం. ప్రోటీను పూత సరిగా పట్టిన కణాలు ఆ ఉప్పుకు చలించవు కాబట్టి, పైసా ఖర్చు లేని ఈ పరీక్షతోనే సగం సంగతి తెలిసిపోతుంది. ఖరీదు మాట వినిపిస్తూ ఉంటుంది గానీ, ఆ పలుచదనంలో ఒక గ్రాము లవణానికి 10 లీటర్ల ద్రావణం వస్తుంది. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు వాడేది 5 మైక్రోలీటర్లు.

బంగారానికి ఉన్న లోపాలు రెండు. క్లోరైడు ఉన్న ద్రావణంలో వోల్టేజీని బాగా పెంచితే కరుగుతుంది. సీరంలోని సిస్టీన్, గ్లూటాథయోన్ వంటివి కూడా థయాళ్లే కనుక, గంటల తరబడి ఉంచితే మనం అంటించిన పోగులను నెమ్మదిగా తప్పించి అవి కూర్చుంటాయి. డీఎన్ఏ సెన్సర్లలో మెర్కాప్టోహెక్సనాల్ అనే చిన్న థయాల్‌తో మిగతా ఖాళీలను నింపేది, పోగులు నేల మీద పడుకోకుండా నిలబడడానికీ, బంగారం బయటపడకుండా ఉండడానికీ.

యాంటీబాడీ సెన్సర్లలో చాలామంది ఎంచుకునే ఇంపీడెన్స్ పద్ధతిపై నాకు నమ్మకం తక్కువని ఇక్కడే చెప్పాలి. ఎలక్ట్రాన్లను సులువుగా ఇచ్చిపుచ్చుకునే ఫెర్రీసయనైడు జంటను ద్రావణంలో వేసి, ఉపరితలం ఎంత మూసుకుపోయిందో కొలవడమే ఆ పద్ధతి సారం. సీరంలోని ఆల్బుమిన్ వచ్చి కూర్చున్నా అదే సంకేతం, కావలసిన ప్రోటీను వచ్చి కూర్చున్నా అదే సంకేతం. బఫర్‌లో అద్భుతంగా కనిపించినది సీరంలో చప్పబడడానికి కారణం ఇదే. రెండు యాంటీబాడీల మధ్య ప్రోటీనును ఇరికించి, పై యాంటీబాడీకి పెరాక్సిడేజ్ ఎంజైమును తగిలించే పాత పద్ధతి చాకిరీ ఎక్కువదే అయినా, వచ్చిన సంకేతం ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. వానాకాలం డెంగీ జ్వరాలను దృష్టిలో పెట్టుకుని ఎన్ఎస్1 సెన్సర్ చేయాలనుకునేవారికి నా సలహా ఇదే.

పెరాక్సైడు మార్గం, నికెల్ మార్గం

1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడ్ నుంచి, 1987లో ఫెరోసీన్ మధ్యవర్తితో (ఎంజైము నుంచి ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లను మోసే అణువుతో) మార్కెట్లోకి వచ్చిన పెన్ను ఆకారపు గ్లూకోమీటరు దాకా, నానో పదార్థం అవసరం పడలేదు. గ్లూకోజును ఎంచుకునే విద్యార్థికి ఈ చరిత్ర గుర్తుండాలి, ఎందుకంటే అతడు పోటీ పడుతున్నది మందుల దుకాణంలో దొరికే స్ట్రిప్‌తో. 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం 95 శాతం ఫలితాలు, 100 మిల్లీగ్రాములకు లోపలైతే 15 మిల్లీగ్రాముల తేడాలోనూ, ఆ పైనైతే 15 శాతం తేడాలోనూ ఉండాలి.

ఆక్సిడేజ్ ఎంజైముల నుంచి వచ్చే పెరాక్సైడును ప్లాటినం మీద కొలవాలంటే 0.6 వోల్టుల పైన పెట్టాలి. ఆ వోల్టేజీ దగ్గర విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, చివరకు రోగి వేసుకున్న పారాసిటమాల్ కూడా ఎలక్ట్రాన్లు వదులుతాయి. ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు ఇనుప సమ్మేళనం అదే పెరాక్సైడును దాదాపు సున్నా వోల్టుల దగ్గరే క్షయకరణం చేస్తుంది. ఆ దరిదాపుల్లో అడ్డుపడేవి చాలా తక్కువ. గ్లూకోజు, లాక్టేటు, క్రియాటినిన్ ఏదైనా సరే, ఆక్సిడేజ్ ఎంజైము ఉన్న ప్రతి చోటా నేను దీన్నే మొదట ప్రయత్నించమంటాను. క్షారత పెరిగితే ఇది కరిగిపోతుంది కనుక పిహెచ్ 7 దాటకుండా చూసుకోవడం, సోడియం బఫర్‌కు బదులు పొటాషియం బఫర్ వాడడం, ఈ రెండు జాగ్రత్తలు చాలు.

నికెల్, రాగి ఆక్సైడులతో ఎంజైము అక్కరలేని గ్లూకోజు సెన్సర్లు చేశామన్న ప్రచురణలు కుప్పలు తెప్పలు. వాటిలో చాలావాటి ప్రయోగ విభాగం తెరిచి చూస్తే 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడు కనిపిస్తుంది, అంటే పిహెచ్ 13. నెత్తుటి చుక్కలో కాస్టిక్ సోడా కలిపితే గానీ పనిచేయని సెన్సర్‌ను ఇంట్లో ఎవరు వాడతారు? ఎంఎస్సీ విద్యార్థి సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని ముందుకూ వెనక్కూ నడిపి ప్రవాహాన్ని గీసే పద్ధతి) నేర్చుకోవడానికి ఇది మంచి అభ్యాసం, అంతకుమించి ఆశించవద్దు. ఆక్సైడులలో జింకు ఆక్సైడు సంగతి వేరు. దాని సమవిద్యుత్ బిందువు (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పిహెచ్) 9.5 దగ్గర, గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ది 4.2 దగ్గర ఉండడంతో తటస్థ ద్రావణంలో రెండూ వ్యతిరేక ఆవేశాలతో ఒకదానినొకటి ఆకర్షించుకుని, వేరే జిగురు లేకుండానే ఎంజైము పట్టి నిలుస్తుంది.

మెక్సీన్ గురించి ఒక అనుభవం

2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన టైటానియం కార్బైడు మెక్సీన్ లోహంలా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, నీళ్లలో హాయిగా కలుస్తుంది, చూడడానికి చిక్కని నల్ల సిరాలా ఉంటుంది. నేను పనిచేసిన ఒకచోట మే నెలలో ఆ సిరాను మామూలు నీళ్ల సీసాలో, ఏసీ లేని గదిలో, బల్ల మీద వదిలి సెలవు మీద వెళ్లాం. రెండు వారాల తరువాత వచ్చి చూస్తే సీసాలో పలుచని బూడిద రంగు నీళ్లు, అడుగున తెల్లని మడ్డి మిగిలాయి. మెక్సీన్ ఆక్సీకరణ చెంది టైటానియం డయాక్సైడుగా మారిపోయింది. అంతకుముందు నెలలో తీసిన గీతల్లో మంచి మెక్సీన్‌వి ఎన్నో, సగం పాడైనదానివి ఎన్నో తేల్చుకోలేక అన్నీ పక్కన పెట్టాము. గాలి తీసేసి, ఆర్గాన్ నింపి, చలి పెట్టెలో ఉంచి, వారానికొకసారి కొత్తగా చేసుకోగలిగినవారికే ఇది తగును. ధన వోల్టేజీల వైపు ఎక్కువ దూరం పోకూడదు కూడా, ఎలక్ట్రోడ్ మీదే ఆక్సీకరణ చెందుతుంది. తయారీలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే పద్ధతిని, తగిన శిక్షణ, కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని ప్రయోగశాలలో అసలు తలపెట్టవద్దు.

పూయడం, కొలవడం

పదార్థం కన్నా పూత ఎక్కువ మందిని ముంచుతుంది. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. దాని మీద చుక్క వేసి ఆరనిస్తే, సాసరులో ఒలికిన ఇరానీ చాయ్ ఆరిన మరకలా అంచున నల్లని వలయం, మధ్యలో బోసి నేల మిగులుతాయి. చుక్క మీద చిన్న గిన్నె బోర్లించి నెమ్మదిగా ఆరనివ్వడం, ద్రావణంలో కొద్దిగా ఇథనాల్ కలపడం కొంతవరకు పనిచేస్తాయి. బంగారం, ప్రష్యన్ బ్లూ అయితే చుక్క వేయడం మానేసి, వోల్టేజీ పెట్టి ఎలక్ట్రోడ్ మీదే నేరుగా పెరగనివ్వడం అన్ని విధాలా మేలు.

గ్లాసీ కార్బన్‌ను అల్యూమినాతో నునుపు చేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి నేర్చుకునే దశలో అదే ఉండాలి. నిజమైన నమూనాలకు పోయేసరికి ముద్రిత స్ట్రిప్పులు (ఎలక్ట్రోడ్లు అచ్చు వేసిన పట్టీలు) కావాలి. వాటి మీద పూసిన వెండి రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (మిగతా వోల్టేజీలను దేనితో పోల్చి కొలుస్తామో అది) విలువ ద్రావణంలోని క్లోరైడును బట్టి కదులుతుంది; క్లోరైడు మూడు రెట్లు మారితే 28 మిల్లీవోల్టుల జరుగుడు ఉంటుంది. మూత్రంలో క్లోరైడు మనిషి తిన్న ఉప్పును బట్టి మారుతుంది కనుక, నమూనాను పొటాషియం క్లోరైడు కలిసిన బఫర్‌లో పదింతలు పలుచన చేసి కొలిస్తే ఈ బెడద తగ్గుతుంది. చిన్న ప్రవాహాలను కొలిచేటప్పుడు గీత మీద 50 హెర్ట్జ్ వణుకు కనబడితే కొత్త యంత్రం కోసం అర్జీ పెట్టనక్కరలేదు. బిస్కెట్ల రేకు డబ్బాలో సెల్లును పెట్టి, డబ్బాకు ఎర్త్ తీగ తగిలిస్తే మా బల్ల మీద ఆ వణుకు పోయింది.

ఆరు నెలల ప్రాజెక్టుకు ఒక్కటే ఎంచుకోమంటే, మూత్రంలో యూరిక్ ఆమ్లం, కైటోసాన్‌లో కలిపిన బహుళ గోడల ట్యూబులు, ముద్రిత స్ట్రిప్పులు అని నిస్సంకోచంగా చెబుతాను. మూడేళ్ల సమయం, యాంటీబాడీలు కొనే నిధులు ఉంటే ఎన్ఎస్1, బంగారం. డీఎన్ఏకు బంగారం తప్ప మరొకటి ఆలోచించను. ఆక్సిడేజ్ ఎంజైము ఉన్న ఏ అణువుకైనా ప్రష్యన్ బ్లూ. వీటిలో దేనికైనా, ఏమీ పూయని ఎలక్ట్రోడ్ గీత, పదార్థం మాత్రమే పూసిన ఎలక్ట్రోడ్ గీత పక్కన లేకుండా మీ గీతను ఎవరికీ చూపించవద్దు. మనుషుల నమూనాలు వాడేటట్టయితే ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పడుతుంది గనుక ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టాలి. సీరంలో మనమే కొంత అణువును కలిపి, 98 శాతం తిరిగి దొరికిందని రాయడం సరిపోదు. అదే నమూనాను ఆసుపత్రి ప్రయోగశాల ఆటో అనలైజర్‌లో కొలిపించి, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టాలి.

ఎంజైము పూసిన స్ట్రిప్పులు చేసేవారు నిల్వ పరీక్షను చివరికి వాయిదా వేయవద్దు. మన దగ్గర మేలో 40 డిగ్రీలు దాటుతుంది, జులై వచ్చేసరికి గాలి తేమతో బరువెక్కుతుంది, ఎంజైముకు రెండూ శత్రువులే. ఒకే రోజు చేసిన ముప్పై స్ట్రిప్పుల్లో పదింటిని ఫ్రిజ్‌లో, పదింటిని సిలికా జెల్ పొట్లంతో మూత బిగించిన డబ్బాలో, పదింటిని ఊరకే బల్ల సొరుగులో పెట్టి, వారానికి ఒక్కొక్కటి చొప్పున తీసి ఒకే గాఢత దగ్గర కొలుస్తూ పోతే, పది వారాల్లో మూడు గీతలు మీ చేతిలో ఉంటాయి.